అంటుకోని పొర

వండూర్ జెట్టీ పక్కన, రేకుల షెడ్డు ముందు తెల్ల కారు కనిపించగానే పద్మినికి కడుపులో మంట మొదలైంది. శివాజీ తనకంటే ముందే వచ్చేశాడు. వచ్చినవాడు ఊరికే రాలేదు, పోర్ట్ బ్లెయిర్ నుంచి ఇద్దరు విలేకరుల్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఒక చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని, నింపాదిగా, చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యేలా వాళ్లకి ఏదో చెబుతున్నాడు. వాళ్లు నోళ్లు తెరుచుకుని వింటున్నారు.

ఆ నింపాదితనమే పద్మినికి పడదు.

ఇద్దరూ పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో ఒకే సందులో పెరిగారు. పడవల నిర్మాణం ఒకే కాలేజీలో చదివారు. విశాఖలో ఒక బీమా కంపెనీ పడవ ప్రమాదాల పరిశోధకుడు కావాలంటే ఇద్దరూ ఒకే ఓడెక్కి ఇంటర్వ్యూకి వెళ్లారు. ఉద్యోగం అతనికొచ్చింది. ఆమె దీవులకి తిరిగొచ్చి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. రంగత్ దగ్గర ఇసుక పడవ మునిగిన కేసులో అడుగున రంధ్రం కనిపెట్టింది ఆమె. పేపర్లో ఫొటో పడింది అతనిది. ఆ పేపరు ఆమె చించలేదు, పారెయ్యలేదు. బీరువాలో చీరల కింద పెట్టుకుంది. 

విలేకరుల కంటపడకుండా ఆమె షెడ్డు వెనక్కి నడిచింది. అక్కడ చిట్టిబాబు తాడు చిక్కులు తీస్తూ కూర్చున్నాడు. పడవ కేబిన్ పైకప్పు విరిగి చనిపోయిన మల్లేశుకి బావమరిది. ప్రమాదం జరిగినప్పుడు పడవలో ఉన్న రెండో మనిషి అతనే. పద్మినికి ఈ కేసు అప్పగించింది అతని అక్క, మల్లేశు భార్య బుల్లమ్మ. "నా మనిసి ఎందుకు పోనాడో సెప్పమ్మా, సాలు" అంది. ఇంకేమీ అడగలేదు.

"చిట్టిబాబూ, ఆ రోజు జరిగింది మళ్లీ ఒక్కసారి చెప్పు. ఈసారి నువ్వు కళ్లతో చూసింది మాత్రమే."

"దర్యాలో అలలు అప్పటిదాకా సాఫ్‌గానే ఉన్నాయి దీదీ. ఏక్‌దమ్ గాలి లెగిసింది. కేబిన్ మీద కట్టిన లైఫ్ రాఫ్టు ఇప్పుకొస్తానని బావ రూఫ్ ఎక్కాడు. నాను ఎనకాల ఇంజిను కాడ ఉన్నాను."

"ఎక్కగానే విరిగిందా?"

"లేదు. రెండడుగులు ఏశాడు."

"అప్పుడు కాలి కింద కుంగిందా?"

చిట్టిబాబు తాడు పక్కన పెట్టాడు. "అదే నాకు సమజ్ అవట్లేదు దీదీ. కుంగలేదు. బావ కాలికి ముందర పైకి లెగిసింది. నూనెలో పూరీ పొంగుతాది సూడు, అలాగ. లెగిసిన ఎంటనే టప్పుమంది. బావ లోపలికి పడిపోనాడు. స్టీరింగు రాడ్డు ఛాతీకి కొట్టుకుంది. వైర్‌లెస్ పట్టుకుని అరిసాను, అరిసాను... అవతల ఎవరూ పలకలేదు. సెట్టు సచ్చిపోయింది. జెట్టీకి సేరేలోపే..." అతను మళ్లీ తాడు అందుకున్నాడు.

పద్మిని అతని భుజం మీద చెయ్యి వేసింది.  "పైకి లేచిందని శివాజీ గారికి చెప్పావా?"

"ఆయన అడగలేదు. బావ బరువెంత, ఏడ నిలబడ్డాడు, అంతే పూఛా."

అడగలేదు! ఆ మాట వినగానే, చావు సంగతి మాట్లాడుకుంటున్న ఆ చోటనే, పద్మినికి లోపల్లోపల సంతోషం పొంగింది. వెంటనే సిగ్గేసింది. సిగ్గేసినా సంతోషం మాత్రం పోలేదు.

షెడ్డులోకి వెళ్లింది. 'జలరక్ష ఒకటి' చెక్క దిమ్మల మీద కూర్చుని ఉంది. సముద్రంలో చిక్కుకున్న జాలర్లని కాపాడడం కోసం కట్టిన పడవ అది. దానికి నెత్తిమీద యాంటెన్నా కర్ర ఉండదు. గాలికి విరగకుండా, వలలకి చిక్కకుండా యాంటెన్నాని కేబిన్ పైకప్పులోనే దాచేశారు. అదే ఈ పడవ గొప్ప. పైకప్పంటే మామూలు రేకు కాదు, శాండ్‌విచ్ ప్యానెల్. పైన పల్చటి ఫైబర్ పొర, కింద ఇంకో పొర, మధ్యలో తేలికైన గట్టి నురుగు దిమ్మ. ఆ దిమ్మలో గాడి తొలిచి, రాగిరేకు యాంటెన్నాని అందులో కూర్చోబెట్టి, పైన పొర అతికించేస్తారు. బయటికి చూస్తే నున్నటి తెల్ల కప్పు. నలుగురు మనుషులు ఎక్కి నిలబడినా చెక్కుచెదరకూడదు.

ఒక్క మనిషికే విరిగిపోయింది.

పద్మిని నిచ్చెనేసుకుని పైకెక్కింది. కప్పు నడుమ పెద్ద గొయ్యి. గొయ్యి సరిగ్గా యాంటెన్నా గాడి దగ్గరే ఉంది. రాగిరేకు అడ్డంగా చిరిగి, నాలుకలా బయటికి వేలాడుతోంది. చూసిన ఎవరైనా, గాడి తొలవడం వల్ల దిమ్మ బలం పోయి విరిగిందనే అనుకుంటారు. శివాజీ కూడా అదే అనుకున్నాడు.

ఆమె టార్చి వేసి గాడి మూలల్ని ఒక్కొక్కటిగా చూసింది. గాడి వల్లే అయితే నురుగు దిమ్మ ఆ మూలల నుంచి ఏటవాలుగా చీలాలి. చీలలేదు. మూలలు కత్తితో కోసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే పదునుగా ఉన్నాయి. నురుగు చిట్లిన చోటు వేరే ఉంది, అది మనిషి పడ్డ బరువుకి తరవాత చిట్లింది.

చిరిగి లేచిన పైపొర అంచు పట్టుకుని తిప్పి చూసింది. 

బాగా అతికిన పొరని పీకితే నురుగు ఊడి దానికి అంటుకుని రావాలి. గొయ్యికి దూరంగా ఉన్న చోట్ల అలాగే వచ్చింది, గరుగ్గా, ముక్కలు ముక్కలుగా. గాడి చుట్టూ ఉన్న పొర మాత్రం లోపలివైపు అద్దంలా మెరుస్తోంది. దాని మీద నురుగు రవ్వంత కూడా లేదు. స్టిక్కర్ వెనక కాగితం ఊడినట్టు ఊడొచ్చింది.

సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఆ మెరుపు మీద నాలుగు చుక్కలు వేసింది. చేమాకు మీద పడ్డట్టు గుండ్రంగా పోగై జారిపోయాయి. గరుకు చోట వేస్తే ఇంకిపోయాయి.

మైనం. ఫైబర్ ముక్క అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి అచ్చుకి పూస్తారే, ఆ వ్యాక్స్. అచ్చు మీద ఉండాల్సింది పొరకీ దిమ్మకీ మధ్యకి వచ్చింది. పొర, దిమ్మ ఒకదాన్నొకటి పట్టుకున్నంతసేపే ఆ కప్పుకి బలం. పట్టు లేకపోతే పైపొర ఒట్టి అట్టముక్క. కాలు పడి కప్పు వంగగానే పొర నొక్కుకుపోయి, దారిలేక పైకి పొంగి, మడతపడి, తెగుతుంది. పూరీ!

చెయ్యి జారి పడిందేమో? ఆ అనుమానం తీరడానికి ఆమె అయిదు రూపాయల బిళ్ల తీసి, ఇంకా ఊడకుండా మిగిలిన వైపు తట్టడం మొదలుపెట్టింది. మంచి చోట ఖంగుమంది. కొంచెం జరిపితే బొంగురుగా డబ్‌మంది. తట్టుకుంటూ, చెవి దగ్గరపెట్టి వింటూ, పెన్సిల్‌తో చుక్కలు పెట్టుకుంటూ పోయింది. చాలాసేపు పట్టింది. అన్ని చుక్కలూ కలిపి చూస్తే తిన్నటి గీతలు వచ్చాయి. ఒక మూల మాత్రం కొంచెం వంకరగా లోపలికి తిరిగింది. ఒలికిన మైనానికి తిన్నటి గీతలు రావు. టేపు అంటించి, హద్దు పెట్టుకుని, యాంటెన్నా చుట్టూ జానెడు మేర ఎవరో శ్రద్ధగా పూశారు.

ఫోన్‌తో ఫొటోలు తీసుకుంది. తరవాత పెన్సిల్ చుక్కల్ని తడిగుడ్డతో తుడిచేసింది. ఎందుకు తుడిచింది? శివాజీ చూడకూడదని. అంతే.

"పద్దూ! నువ్వొచ్చి ఎంతసేపైంది?"

కింద శివాజీ నవ్వుతూ నిలబడ్డాడు. పక్కన ఒక సన్నటి అమ్మాయి. ఆమె పేరు లక్ష్మీకుమారి. డిగ్లీపూర్‌లో వరి పండించుకునే కుటుంబం నుంచి వచ్చి ఇంజినీరైంది. కప్పులో దాగిన ఆ యాంటెన్నా ఆమె తయారుచేసిందే. కళ్లకింద నల్లటి చారలు పడి ఉన్నాయి.

"ఇప్పుడే," అంది పద్మిని నిచ్చెన దిగుతూ. "విలేకరులకి తీర్పు చెప్పేశావా?"

"తీర్పు కాదు, లెక్క. వంపుని పొరలు మోస్తాయి, పొరల్ని జార్చే కోత బలాన్ని దిమ్మ మోస్తుంది. దిమ్మలో గాడి కొడితే ఆ భారమంతా గాడి మూలల్లో పోగుపడుతుంది. అక్కడే విరిగింది. నువ్వూ నేనూ సెకండియర్‌లో చదివిందే కదా."

"గాడి ఉన్న ప్యానెలే ఫ్యాక్టరీ పరీక్షలో నిలబడింది."

"పరీక్షలో నెమ్మదిగా నొక్కారు. సముద్రం నెమ్మదిగా నొక్కదు, కొడుతుంది. గాడి పెద్దది చేయమని పట్టుబట్టింది ఈవిడే. తప్పు ఈవిడదని నేననట్లేదు, గాడిలో ఉందంటున్నా."

లక్ష్మీకుమారి తలెత్తింది. "రెండూ ఒకటే కద సార్. మల్లేశు భయ్యా వాళ్ల ఇంటికెళ్తే వాళ్లావిడ నాకేసి చూడలేదు. నా యాంటెన్నా మనిషిని చంపిందంటే నేను ఈ పని మానేస్తాను. చంపలేదంటే మాత్రం అందరి ముందూ చూపించాలి."

"అందుకే వెళ్తున్నాం," అన్నాడు శివాజీ. "జలరక్ష రెండు సిద్ధంగా ఉంది. అదే కప్పు, అదే గాడి. పైన సాగుడు కొలిచే గేజీలు అంటించాను. అలల మీదకి తీసుకెళ్లి గాడి మూల ఎంత సాగుతుందో చూస్తాను. రేపటి విచారణలో ఆ అంకెలు పెడితే బస్, ఖతం. నువ్వూ రాకూడదూ?"

ఆ పిలుపులో వెటకారం లేదు. లేకపోవడమే ఆమెని ఇంకా మండించింది. గెలిచినవాడు ఓడినవాళ్లని భోజనానికి పిలిచినట్టుంది.

మైనం సంగతి ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేస్తే అయిపోతుంది. చెప్పేస్తే రేపు అతను దాన్నే తనదిగా, తనకంటే బాగా, ఇంకా నింపాదిగా విచారణలో చెబుతాడు. చెప్పకపోతే? రెండో పడవ కప్పు మంచిదే అయి ఉంటుంది. గేజీలు ఏమీ చూపించవు. ఉత్తచేతుల్తో వచ్చిన శివాజీ ఎదురుగా కూర్చుంటాడు, అప్పుడు తను లేచి, ఆ పొర ముక్క బల్లమీద పెట్టి, నీటిచుక్క వేస్తుంది. ఆ క్షణంలో అతని మొహం ఎలా ఉంటుందో ఆమెకి ఇప్పుడే కనిపించింది.

"నాకిక్కడ పనుంది. మీరెళ్లండి," అంది.

విలేకరుల్ని కారులో పంపేసి శివాజీ, లక్ష్మీకుమారి ఇద్దరే పడవెక్కారు. జెట్టీలో తాడు విప్పి పడవ మీదకి విసిరింది తిరుమలేష్. షెడ్డు బాధ్యత అంతా అతనిదే. పొరలు, దిమ్మ, అతుకు, పైకప్పు మొత్తం అతని చేతిమీద తయారైంది. జలరక్ష రెండు తెల్లగా మెరుస్తూ మలుపు తిరిగి వెళ్లిపోయేదాకా అతను అక్కడే నిలబడి చూశాడు. చిట్టిబాబు వాళ్లకి లైఫ్ జాకెట్లు తొడిగి వచ్చి మళ్లీ తాడు ముందు కూర్చున్నాడు.

పద్మిని తిరుమలేష్‌ని షెడ్డులోకి పిలిచింది. నలభైకి దగ్గరపడ్డ మనిషి. గోళ్లలో ఎండిన రెసిన్ జిగురు. మాటలో మర్యాద ఉంది, చూపు మాత్రం ఒకచోట నిలవడం లేదు.

"గాడి వల్లే విరిగిందని శివాజీ గారంటున్నారు. మీరేమంటారు?"

"మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను మేడమ్. దిమ్మని తొలిస్తే దానికి నొప్పి. ఎవరు వింటారు? ఈ పడవ చూడ్డానికి ఎంతమంది వచ్చారో! మంత్రులొచ్చారు, నేవీ వాళ్లొచ్చారు. వచ్చిన ప్రతివాడూ 'యాంటెన్నా ఏదీ, ఎక్కడ దాచారు' అనే అడిగాడు. కప్పు ఎవరు చేశారని ఒక్కడూ అడగలేదు."

"కప్పు కనిపిస్తూనే ఉంది కదా, అందుకు అడిగి ఉండరు."

"అవును మేడమ్. కనిపించేదాన్ని ఎవరూ చూడరు." అతని పెదవి వంకరపోయింది. "నాలుగేళ్లు ఆ కప్పు మీద పనిచేశాను. ఆవిడొచ్చి ఆరు నెలలు. పేటెంటు కాగితం మీద ముందు పేరు ఆవిడది."

పద్మినికి ఆ గొంతు బాగా తెలుసు. రోజూ తన లోపల వినే గొంతే. ఒక్క క్షణం అతని మీద జాలి కలిగింది. ఆ జాలిని పక్కకి నెట్టి, జేబులోంచి అయిదు రూపాయల బిళ్ల, సంచిలోంచి సుద్దముక్క తీసింది.

"నాకొక సాయం చేయండి. ఈ మిగిలిన కప్పులో పొర ఎంతవరకు లూజుగా ఉందో తట్టి చూడాలి. నా చెవికి పట్టడం లేదు. శివాజీ గారు అసలు ప్రయత్నమే చేయలేదు."

"ఆయనకేం తెలుస్తుంది, కంప్యూటర్ మనిషి." తిరుమలేష్ మొహంలో మొదటిసారి వెలుగొచ్చింది. బిళ్ల అందుకుని నిచ్చెనెక్కాడు. ఒకసారి తట్టాడు. ఇంకోసారి తట్టాడు. ఆ తరవాత బిళ్ల కంటే సుద్దముక్క ముందు పోయింది. తిన్నగా ఒక గీత, మలుపు, ఇంకో గీత. మూల దగ్గర కొంచెం వంకరగా లోపలికి తిప్పాడు.

"ఇదీ హద్దు," అన్నాడు.

పద్మిని ఫోన్ తీసి ఫొటో అతని కళ్లముందు పెట్టింది. పెన్సిల్ చుక్కలు, సుద్దగీతలు ఒకదానిమీద ఒకటి అచ్చు పోసినట్టు సరిపోయాయి. ఆ వంకర మూలతో సహా.

"ఈ హద్దు పట్టుకోవడానికి నాకు చెమటలు పట్టాయి. తట్టుకుంటూ, వింటూ, వెనక్కి పోతూ, ముందుకొస్తూ పట్టుకున్నాను. మీరు తట్టకుండానే గీశారు తిరుమలేష్ గారూ. ఆ మూల టేపు జారి వంకర తిరిగిందని చెవితో వినలేరు. చేత్తో అంటించినవాడికే తెలుస్తుంది."

అతని చేతిలో సుద్ద విరిగింది. నిచ్చెన మెట్టు మీదే కూలబడ్డాడు. కాదనలేదు. కాదంటాడేమోనని ఆమె దాచుకున్న ప్రశ్నలన్నీ దండగైపోయాయి.

"చంపాలని కాదు మేడమ్. నా పిల్లల మీద ఒట్టు. పడవలోకి వెళ్లాల్సిన ప్యానెల్ కాదది. పరీక్ష మిషన్ కోసం. అందరూ చూస్తుండగా మిషన్ మీద విరగాలి. ఎక్కడ విరిగిందని చూస్తే యాంటెన్నా దగ్గర కనిపించాలి. 'తిరుమలేష్ ముందే చెప్పాడు' అనాలి. అంతే, ఒక్కసారి ఆ మాట వింటే చాలనుకున్నాను."

"మరి మిషన్ మీద విరగలేదే?"

"నేను దొంతర పైన పెట్టిన ప్యానెల్ ఆవిడ తీసుకోలేదు. 'మనకిష్టమైంది ఎంచుకుంటే పరీక్షెలా అవుతుంది' అని దొంతర అడుగునుంచి లాగించింది. అది మంచిది. నిలబడింది. చప్పట్లు కొట్టారు. ఆ రాత్రే వీటిని పక్కకి తీసేద్దామనుకున్నాను. తెల్లారేసరికి ఓనరు గారు బిగించెయ్యమన్నారు. వద్దంటే ఎందుకని అడుగుతారు. ఏం చెప్పను?"

పద్మిని వింటోంది. ఒక మాట దగ్గర ఆమె మనసు ఆగిపోయింది.

"వీటిని అన్నారు. దీన్ని అనలేదు."

తిరుమలేష్ విరిగిన సుద్దని వేళ్ల మధ్య నలిపాడు.

"ఎన్నిటికి పూశారు?"

"మొదటిది విరిగితే ఇంకోటి పరీక్షించమంటారేమోనని..." అతని గొంతు గొణుగుడైంది. "రెండింటికి."

"రెండోదెక్కడ?"

అతను తల తిప్పి, షెడ్డు తలుపులోంచి, ఖాళీగా ఉన్న జెట్టీ వైపు చూశాడు.

పద్మిని అతని చొక్కా పట్టుకుంది. "ఇందాక తాడు విప్పింది నువ్వే కదరా!"

"గేజీలు చూసుకుని వచ్చేస్తారనుకున్నాను. పైన ఎవరూ ఎక్కకపోతే ఏమీ కాదు మేడమ్. ఎక్కరనుకున్నాను."

నేనూ ఏమీ కాదనే అనుకున్నాను, అనుకుంది పద్మిని. చొక్కా వదిలేసి షెడ్డు మూలకి పరుగెత్తింది. అక్కడ గోడకి వైర్‌లెస్ సెట్టు ఉంది. ఫోన్లు అంత దూరం పనిచెయ్యవు.

"జలరక్ష రెండు, జలరక్ష రెండు, వండూర్ షెడ్డు నుంచి పద్మిని. వినిపిస్తోందా? ఓవర్."

గరగర. మళ్లీ పిలిచింది. మూడోసారికి శివాజీ గొంతు వచ్చింది, స్పష్టంగా, హుషారుగా. "చెప్పు పద్దూ. ఇక్కడ అలలు బాగున్నాయి. ఓవర్."

"కప్పు మీద ఎవరూ ఎక్కొద్దు. గేజీలు వదిలెయ్. తిరిగొచ్చెయ్. ఓవర్."

"లక్ష్మీకుమారి గారు ఎక్కుతున్నారు. నేను వద్దన్నా వినలేదు. మల్లేశు నిలబడ్డ చోటే నిలబడి చూపిస్తానంటున్నారు. గేజీలు ఏమీ కదలడం లేదులే, భయం లేదు. ఓవర్."

"దించెయ్ శివా! ఆ కప్పు పాడైంది. ఓవర్."

 తిరిగి వచ్చిన గొంతులో హుషారు పోయింది. "నా లెక్క తప్పని తేలేలా ఉంది. నీకు కావలసిందదే. ఇప్పుడెందుకు అడ్డుపడుతున్నావ్? నీ మనసులో ఏముందో చెప్పు. ఓవర్."

తలుపు దగ్గర చిట్టిబాబు నిలబడి వింటున్నాడు. తిరుమలేష్ వింటున్నాడు. ఆ ఛానెల్‌లో ఉన్న ప్రతి పడవా వింటుంది. పద్మిని బటన్ నొక్కింది.

"ఇందాకే చూశాను శివా. గాడి కాదు. పైపొర అంటుకోలేదు. లోపల మైనం పూశారు, నీ పడవక్కూడా. రెండోదాని సంగతి నాకిప్పుడే తెలిసింది, మొదటిది మాత్రం నువ్వు బయల్దేరకముందే తెలుసు. నీకు చెప్పలేదు. రేపు అందరి ముందూ నీ మొహం మాడిపోతే చూడాలని చెప్పలేదు. నువ్వంటే నాకు కుళ్లు. ఆ ఉద్యోగం నీకొచ్చిన రోజునుంచీ కుళ్లు. అబద్ధమైతే ఇది నా నోటితో చెప్పుకుంటానా? దించెయ్. ఓవర్."

 శివాజీ చేతిలో మైకు బటన్ నొక్కే ఉండిపోయినట్టుంది, దూరం నుంచి అతని అరుపు వినిపించింది. "లక్ష్మీకుమారీ! నిలబడకండి! పడుకోండి, అలాగే పడుకుని నా చెయ్యి..."

అంతే. మాట మధ్యలో తెగిపోయింది. ఎంత పిలిచినా అవతల ఎవరూ లేరు. ఎందుకు లేరో పద్మినికి తెలుసు. ఆ కప్పు తెగినప్పుడు దానితోపాటే తెగేది రాగిరేకు.

చిట్టిబాబు అప్పటికే నీళ్లలోకి దిగి, చిన్న డుంగీ పడవ ఇంజిను తాడు లాగుతున్నాడు. పద్మిని ఎగిరి ఎక్కింది. తిరుమలేష్ మోకాలి లోతు నీళ్లలో పరుగెత్తుకొచ్చి డుంగీ అంచు పట్టుకున్నాడు. చిట్టిబాబు తెడ్డు పైకెత్తాడు. మైకు ముందు ఆమె చెప్పిందంతా విన్నాడు, అంతకుముందు షెడ్డు గోడ అవతల తాడు ముందు కూర్చుని ఇతను ఒప్పుకున్నది కూడా విన్నాడు.

"దీదీ, ఈడు నా బావని..."

"తెలుసు. ఎక్కనీ. చేతులు కావాలి."

తెడ్డు చాలాసేపు గాల్లోనే ఉంది. తరవాత చిట్టిబాబు దాన్ని అడుగున పడేసి ఇంజిను తిప్పాడు. తిరుమలేష్ పాకుతూ ఎక్కి ముందువైపు ముడుచుకుని కూర్చున్నాడు.  గాలి పెరిగింది. అలల మీద డుంగీ ఎగిరి పడుతుంటే పద్మిని అంచు పట్టుకుని నిలబడే ఉంది.

మలుపు దాటగానే తెల్లటి పడవ కనిపించింది. కప్పు నడుమ నల్లటి గొయ్యి. ఇంజిను ఇంకా నడుస్తోంది. స్టీరింగు దగ్గర ఎవరూ లేరు. పడవ తనంతట తానే ఒక పక్కకి ఒరిగి, సముద్రం మీద గుండ్రంగా తిరుగుతోంది. తిరిగిన ప్రతిసారీ ఆ చుట్టు కొంచెం కొంచెం చిన్నదవుతోంది.

చుట్టు నడుమ నీళ్లలో నారింజ రంగు లైఫ్ జాకెట్ ఒకటి తేలుతోంది. అందులో మనిషి ఉన్నారు. చెయ్యి ఊపుతున్నారో, అలకి ఊగుతోందో తెలియడం లేదు.

చిట్టిబాబు ఇంజిను తగ్గించాడు. "రెండు జాకెట్లు నానే తొడిగి పంపాను దీదీ. ఒకటే కనబడతంది."

తిరుగుతున్న పడవ మళ్లీ వాళ్లవైపు ముక్కు తిప్పింది. పద్మిని చెప్పులు విప్పేసింది.